వడ్రంగి వైను

పొగమంచు ఆ వారం మొదటినుంచీ మొంతలేరో గుట్టల్ని వదల్లేదు. పొద్దున్నే కిటికీ తెరిస్తే చర్చి గోపురం మొన ఒక్కటే కనిపించేది, అదీ అక్కడ ఉందని ముందే తెలిసినవాళ్లకి. రోడ్డూ, ద్రాక్షతోటలూ, పక్కింటివాళ్ల కుక్కా తెల్లగా ఎక్కడో మునిగి ఉండేవి. కుక్క మొరుగు మాత్రం వినిపించేది, తానున్నదో లేదో తనకే అనుమానమన్నట్టు. కోతలు అయిపోయి, కొత్త వైను తొట్లలో పొంగడం మానేసిన నవంబరు రోజులవి. ఆ రోజుల్లో ఆ గుట్టల మీది మనుషులు సగం నిద్రలోనే తిరుగుతారు. ఎవరినైనా ఒక మాట అడిగితే, జవాబు వచ్చేలోపు వెళ్లి కాఫీ తాగి రావచ్చు.

దెల్ఫీనా నేలమాళిగలో చిన్న పీపాలకు వైను నింపుతోంది. ఓక్ చెక్క ఊరుకోదు, లోపలున్నదాన్ని కాస్త కాస్త తాగుతూనే ఉంటుంది. తాగినంత మళ్లీ పోయకపోతే పైన గాలి చేరి వైను పాడవుతుంది. అందుకని వారం వారం ఆమె సన్నమూతి తగరపు చెంబు పట్టుకుని పీపా పీపాకూ ఆగుతుంది. బిరడా లాగి, చెవి ఆనించి, కాసేపు వింటుంది. తర్వాత పోస్తుంది. ఏం వినిపిస్తుందని ఎవరైనా అడిగితే ఏమీ లేదు, ఊరికే అంటుంది. నిజానికి వినిపిస్తుంది. నిద్రపోతున్న మనిషి పక్కన కూర్చుంటే వినిపించేలాంటిది, చప్పుడని కూడా అనలేనిది.

తమ్ముడు ఇవాల్దో మెట్లు దిగి వచ్చాడు. రెండు చేతుల్లోనూ రెండు పత్రికలున్నాయి. తోట, నేలమాళిగ తండ్రివి, అక్కవి. సీసాల్ని ఊరు దాటించి అమ్మడం అతని పని. ఆ పనిలో ఉన్నవాళ్లందరిలాగే అతనికీ సొంత అభిప్రాయం అంటూ ఎక్కువసేపు నిలవదు. ఏ పత్రిక ముందు చదవాలో అక్కనే ఎంచుకోమన్నాడు. ఆమె చేతులు తుడుచుకునేలోగా తనే చదవడం మొదలుపెట్టాడు.

మొదటిది తురిన్ నుంచి వచ్చే పత్రిక. అందులో ఈ చిన్న పీపాల్లోంచి వచ్చే కోకిల మిట్ట అనే వైను గురించి లంబెర్తో గ్వస్కీనో అనే ఆయన రాశాడు. ఆయన మెచ్చుకుంటే పీద్మొంత్‌లో సీసాలు ఖాళీ అవుతాయి, తిడితే బూజు పడతాయి. 'కోకిల మిట్ట సీసా తెరిచాను. ద్రాక్ష కోసం వెతికాను. వడ్రంగి కనిపించాడు' అని ఎత్తుకున్నాడాయన. ఫ్రాన్సు నుంచి తెచ్చిన కొత్త చెక్కలో ముంచి తీసిన ఈ బర్బేరా ద్రాక్ష వైనుకు ఊరూ లేదు, నేలా లేదు, ప్రపంచంలో ఏ హోటల్లోనైనా ఇమిడిపోతుంది, అంతకంటే పెద్ద తిట్టు నా దగ్గర లేదు అని ముగించాడు.

రెండోది జ్యూరిక్ పత్రిక. రెగూలా ఏబీ అనే ఆవిడ అదే సీసా తాగి, 'బర్బేరా ఇన్నాళ్లకు నడుముకున్న వంటగుడ్డ విప్పి మఖమలు కట్టుకుంది' అని రాసింది. నల్ల చెర్రీ, కాల్చిన కాఫీ గింజ, వాన పడ్డాక అడవి అంది. రొట్టెతోపాటు రోజూ తాగి మరిచిపోయే వైనును ఇంత దూరం నడిపించుకొచ్చిన చేతికి నమస్కారం అంది.

ఆ చేయి ఎవరిదో కూడా ఇద్దరూ రాశారు. మిగతా అన్నిటిలోనూ తూర్పు పడమరలుగా ఉన్న ఆ ఇద్దరూ అక్కడ మాత్రం చక్కగా కలిశారు. ఆ చేయి డాక్టర్ స్కరోనేదట. ఆల్బాలో ఉంటాడాయన, వైను డాక్టరు. ఎప్పుడో ఒకసారి కారులో వచ్చి, గాజుగొట్టంతో రెండు చుక్కలు తీసి చూసి, కాగితం మీద నాలుగు అంకెలు వేసి వెళ్లిపోతాడు. సీసా వెనక లేబులు మీద ఆయన పేరు ఉంటే అమ్మకానికి మంచిదని వేయించినవాడు ఇవాల్దోనే. అప్పుడు దెల్ఫీనా సరేనంది. ఇప్పుడు మాత్రం ఆ పేరు విన్నప్పుడు ఆమె చేతిలో చెంబు కాస్త వంగి, నాలుగు చుక్కలు నేల పాలయ్యాయి.

ఇవాల్దో అది చూడలేదు. అతను పొద్దున తురిన్ పత్రిక చదివినప్పుడు ఈ చిన్న పీపాలన్నీ అమ్మేద్దామనుకున్నాడట. పదింటికి జ్యూరిక్ పత్రిక వచ్చాక ఇంకో వరస కొందామనుకున్నాడట. ఇప్పుడు రెండూ కలిపి చూస్తే ఏమనుకోవాలో తెలియడం లేదు. ఈ వారం తేట తీసేటప్పుడు నువ్వే తేల్చు అక్కా అన్నాడు. ఏడాదిగా చిన్న పీపాల్లో ఉన్న ఆ వైనును మడ్డి మీదనుంచి తేర్చాక మళ్లీ అదే పీపాల్లోకి పంపి ఇంకో ఏడాది పడుకోబెట్టాలా, లేక నాన్న పెద్ద పీపాలో ఆయన బర్బేరాతో కలిపేసి ఈ కోకిల మిట్ట కథకు చుక్క పెట్టేయాలా అన్నది ఆ తేల్చవలసిన సంగతి. కలిపేస్తే ఇక విడదీయడం ఎవరి వల్లా కాదు.

ఊరికి తెలియడానికి మధ్యాహ్నం దాకా పట్టలేదు. కాఫీ బారులో పేకాడేవాళ్లు రెండు జట్లయ్యారు. అందులో సగం మంది ఆ సీసా మూత కూడా చూసి ఎరగరు. అయినా ఒకడు ఊరి పరువు పోయిందన్నాడు, ఇంకొకడు ఊరికి పేరొచ్చిందన్నాడు, పేక ముక్కలు మాత్రం ఇద్దరూ వదల్లేదు. రొట్టె కొనడానికి వెళ్లిన దెల్ఫీనాను బారు యజమాని చాలా మర్యాదగా, మేకులు ఏమైనా కావాలా అని అడిగాడు. ఆమె నవ్వింది. దారిలో ఆ నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో ఆమెకు తెలియలేదు.

ఆ సాయంత్రమే ఆమెకు ఒక వింత భయం పట్టుకుంది.

మామూలుగా చూసినట్టే పీపాలోంచి గాజుగొట్టంతో కాస్త వైను తీసి నోట్లో పోసుకుంది. నాలుక మీద రంపపు పొట్టు తగిలింది. కొత్తగా వార్నిష్ వేసిన బీరువా తలుపు తెరిచినట్టుంది. లంబెర్తో చెప్పింది నిజమే అనుకుంది. నోరు కడుక్కుని, రొట్టె ముక్క నమిలి, మళ్లీ తీసి తాగింది. ఈసారి రెగూలా రాసిన మఖమలు గుర్తొచ్చింది. వెంటనే అదే వైను మెత్తగా, నల్లగా, వాన తడిసిన అడవిలాగే గొంతులోకి జారింది. ఇద్దరి మాటలూ పక్కన పెట్టి తాగుదామని చూసింది. అప్పుడు నోట్లో ఏమీ లేదు. తడి ఉంది, చల్లదనం ఉంది, వైను లేదు.

ఇన్నేళ్లలో ఆమెకిలా ఎప్పుడూ కాలేదు. కళ్లు మూసుకుని తాగి ఇది గోడవారన ఉన్న పీపా, ఇది తలుపు దగ్గరిది అని చెప్పగలిగిన మనిషి. ఇప్పుడు ఎవరో ఇద్దరు ఆమె నోట్లో కాపురం పెట్టారు. ఒకాయన మాట్లాడితే చెక్క, ఒకావిడ మాట్లాడితే మఖమలు. తన నాలుక తనది కాకుండా పోయిందని ఆమెకు నిజంగానే ఏడుపొచ్చింది. ఈ నాలుకతో ఇక రెండు మూడు రోజుల్లో ఏడాది కష్టాన్ని ఏ పీపాలో పోయాలో తేల్చాలి.

మర్నాడు డాక్టర్ స్కరోనేకు ఫోన్ చేసింది. ఆయన ఇంకెక్కడో ఇంకెవరి నేలమాళిగలోనో ఉన్నాడు. తురిన్ ఆయనతో గొడవ వద్దు, జ్యూరిక్ ఆవిణ్ణి వదులుకోవద్దు అని సలహా చెప్పి, మీ అంకెలు బాగానే ఉన్నాయమ్మా అని పెట్టేశాడు. అంకెలు బాగున్నాయన్న సంగతి ఆమెకూ తెలుసు.

ఇక మిగిలింది నాన్న. సెకొందో ముసలాయన వంటింట్లో పొయ్యి పక్కన కూర్చుని గూని కాడలకు నార తీస్తున్నాడు. నిత్సా ఊరి పక్క ఇసుక పొలాల్లో ముళ్ల మొక్కను వంచి మట్టిలో పాతేస్తే, అది వెలుతురు కోసం లోపల్లోపలే వంగి తెల్లబడి, మెత్తబడి, గూని కాడ అవుతుంది. పచ్చిగా తినగలిగే ముళ్ల మొక్క అదొక్కటే అని ఆయన గర్వం. తేట తీసే రోజు వంటకు అవి ఉండి తీరాలి.

కూతురి వైను గురించి ఆయన ఏనాడూ మంచీ చెడ్డా చెప్పలేదు. ఎగతాళి మాత్రం మానలేదు. దాన్ని బల్లల వైను అంటాడు. పొద్దున ఎదురైతే, నీ కుర్చీలు ఎలా ఉన్నాయమ్మా అని అడుగుతాడు. ఆమె కూడా నవ్వేసి, బాగానే ఉన్నాయి నాన్నా, కాళ్లు ఊగడం లేదు అంటుంది. ఇన్నేళ్లూ అదే వాళ్ల మధ్య ఒప్పందం. ఆ రోజు దెల్ఫీనా ఆ ఒప్పందం దాటింది. ఎదురుగా బల్ల మీద కూర్చుని తనూ ఒక కాడ అందుకుంది.

"నాన్నా, వేళాకోళం కాదు. నా వైను నీకు ఎలా ఉంటుంది?"

సెకొందో చేతిలోని కాడను వెలుతురుకేసి తిప్పి చూశాడు. నార ఒక్కటి మిగిలిపోయింది, దాన్ని గోటితో లాగాడు. కిటికీ బయట తెల్లగా ఉన్న చోటికి చూసి, గురువారానికి గాలి మారుతుందన్నాడు. చంద్రుడు తగ్గు ముఖం మీదున్నాడు, ఎండుగాలి వస్తుంది, మడ్డి అడుగున బుద్ధిగా కూర్చుంటుంది, తేట తీయడానికి అంతకంటే మంచి రోజు రాదన్నాడు. ఆమె తన చేతిలోని కాడకు నార తీయడం పూర్తి చేసింది. ఆయన వెల్లుల్లి రెబ్బలు వలవడంలో పడ్డాడు. ఆమెకు కోపం వచ్చిందా అంటే రాలేదు. లోపల ఏదో చాలా అలసిపోయింది. నచ్చకపోవడం వల్లే చెప్పడం లేదు, నచ్చితే నాలుగు గుట్టలకు వినపడేలా చెప్పేవాడు కాదా అనుకుంది.

ఈలోగా ఇవాల్దో తనకు చేతనైన పని చేశాడు. అందరికీ సరేననడం అతనికి పుట్టుకతో వచ్చింది. తురిన్ నుంచి లంబెర్తో ఫోన్ చేసి, నేను రాసినదాన్ని దాచుకునే మనిషిని కాను, కావాలంటే వచ్చి పీపాలోంచే మళ్లీ తాగి చూస్తానన్నాడు. గురువారం రండి సార్ అన్నాడు ఇవాల్దో. గంట తర్వాత రెగూలా దగ్గర్లోని ఆస్తి పట్నం నుంచి ఫోన్ చేసింది. ట్రఫుల్ పుట్టగొడుగుల కోసం ఈ వారం ఇటే ఉన్నానంది. గురువారం రండి మేడమ్ అన్నాడు. ఫోన్ పెట్టాక గానీ గురువారం ఏం రోజో అతనికి తట్టలేదు.

తేట తీసే రోజును విమర్శకుల కోసం మార్చిన ఇల్లు ఆ గుట్టల మీద లేదు. గాలినీ చంద్రుణ్ణీ ఎవరు మారుస్తారు? ఆ రోజు మధ్యాహ్నం పని చేసిన వాళ్లందరికీ బాన్యా కావుదా పెట్టడమూ అంతే. మట్టి కుండలో ఆలివ్ నూనె, ఉప్పులో ఊరిన చిన్న చేపలు, మనిషికో గడ్డ చొప్పున వెల్లుల్లి వేసి పొయ్యి మీద సన్నగా కరగబెడతారు. కుండను బల్ల మధ్యలో నిప్పుల మీద పెట్టి, అందరూ చుట్టూ చేరి కూరగాయలు ముంచుకు తింటారు. అది తిన్న నోటికి మర్నాటి దాకా ఇంకో రుచి తెలియదు, తిననివాళ్లు దగ్గరికి రారు. వైను రుచి చూడ్డానికి వచ్చే పెద్దమనుషులకు దాన్ని పెట్టడమంటే సంగీత కచేరీకి వచ్చినవాళ్ల చెవుల్లో డప్పు కొట్టడమే. ఇవాల్దో తండ్రి దగ్గర చేరి, ఈ ఒక్కసారికి దూడ మాంసం వండుదామా నాన్నా అని నసిగాడు. క్రిస్మసును జూలైకి మారుద్దామా అని అడిగినవాణ్ణి చూసినట్టు చూశాడు సెకొందో.

గురువారం ముసలాయన చెప్పినట్టే గాలి మారింది. పొగమంచు గుట్టల మీదనుంచి పక్కలోంచి దుప్పటి లాగేసినట్టు పోయింది. ఎండిన ద్రాక్ష వరసలూ, మధ్యలో పీచ్ చెట్లూ, చాలా దూరాన మంచు కప్పుకున్న ఆల్ప్స్ కొండలూ ఒక్కసారిగా కళ్లముందుకొచ్చి నిలబడ్డాయి. అంత వెలుతురు చూసి దెల్ఫీనాకు ఇంకా కలలోనే ఉన్నట్టనిపించింది.

పొద్దున ముందు కొత్త వైను పని చూశారు. తర్వాత చిన్న పీపాల దగ్గరికి వచ్చారు. ఇవాల్దో పంపు దగ్గర నిలబడ్డాడు. దెల్ఫీనా గొట్టం కొసను పీపాలోకి దించి, అడుగున మడ్డికి తగలకుండా వేళ్లతో దాని బరువు తూచుకుంటూ పట్టుకుంది. రెండో చేతిలో కొవ్వొత్తి. పీపా నుంచి తొట్టికి పోయే దారిలో ఒకచోట గొట్టం గాజుది. దాని వెనక కొవ్వొత్తి పెడితే వైను కెంపురంగులో మెరుస్తూ పోతుంది. ఎక్కడ చిన్న మబ్బు కనిపించినా గొట్టం లాగేయాలి, మడ్డి వస్తోందన్నమాట. ఆ పని మీద ఉన్నప్పుడు మనిషి మాట్లాడకూడదు, దగ్గకూడదు, ఆలోచించకపోతే మరీ మంచిది. ఒకటొకటిగా పీపాలు ఖాళీ అవుతుంటే ఆమె నిజంగానే ఏమీ ఆలోచించలేదు.

విమర్శకులిద్దరూ అప్పుడే దిగి వచ్చారు. గేటు దగ్గరే కలిశారట. లంబెర్తో సన్నగా పొడుగ్గా, మెడకు ఊలు గుడ్డ చుట్టుకుని, మెట్టు మెట్టుకూ తల వంచుకుంటూ దిగాడు. రెగూలా పొట్టిగా బొద్దుగా ఉంటుంది, కారులో ఎప్పుడూ రబ్బరు బూట్లు పెట్టుకు తిరుగుతుంది, అవి తొడుక్కునే దిగింది. ఏళ్ల తరబడి ఒకళ్లనొకళ్లు పత్రికల్లో చీల్చి చెండాడుకుంటున్న వాళ్లు. మనిషికి మనిషి ఎదురైతే మాత్రం చిన్ననాటి స్నేహితుల్లా పొంగిపోయారు. నీ మఖమలు ఎలా ఉందని ఆయన, నీ వడ్రంగి కులాసాయేనా అని ఆవిడ పలకరించుకున్నారు.

గాజుగొట్టంతో చెరి కాస్తా తీసుకుని తాగి, ఉమ్మి, మొదలుపెట్టారు. ఈ చెక్క వెనక ఉన్న నేల నాకు వినిపించడం లేదన్నాడు లంబెర్తో. నేల అరవక్కర్లేదు, గుసగుసలాడినా చాలు, నీకు చెవుడు అంది రెగూలా. మీ తాత తాగిన వైనే ఇప్పటికీ తాగాలంటే మీ తాత ఎక్కిన గాడిదే ఎక్కు అని కూడా అంది. ఆయన పకపకా నవ్వాడు. దెల్ఫీనా తలమీదుగా ఆ మాటలు అటూ ఇటూ పోతున్నాయి. వాళ్లకది బంతాట, ఎంత గట్టిగా కొడితే అంత సరదా. ఆమెకది ఒక ఏడాది.

కాస్త కొవ్వొత్తి ఇటు పట్టమ్మా అని లంబెర్తో అడిగితే పట్టింది. రెగూలా తాగిన గ్లాసు ఆమె చేతికిచ్చి థాంక్స్ చెప్పింది. తర్వాత ఇద్దరూ ఇవాల్దో వైపు తిరిగి, డాక్టర్ స్కరోనే ఎప్పుడొస్తారని అడిగారు. ఇంత సాహసం చేసిన మనిషితో మాట్లాడాలని ఒకరికి, ఇంత తప్పు చేసిన మనిషితో మాట్లాడాలని ఇంకొకరికి. ఇవాల్దో అక్క వైపు చూశాడు. తర్వాత పంపు వైపు చూశాడు. ఆయన కాస్త పనిలో ఉన్నారని నీళ్లు నమిలాడు. దెల్ఫీనా ఒక గ్లాసూ ఒక కొవ్వొత్తీ పట్టుకుని నిలబడింది. 'నేనే చేశాను' అని ఒక్క మాటంటే చాలు. ఆ మాట ఆమె నోట రాలేదు. నాలుకే తనది కానప్పుడు ఆ వైను తనదని ఎలా అంటుంది?

పైన బల్ల సిద్ధమైంది. కుండ మూత తీయగానే వెల్లుల్లి వాసన గదంతా లేచి నిలబడింది. విమర్శకులిద్దరూ ఆ కుండను చూసి, తర్వాత ఒకరినొకరు చూసుకున్నారు. ఆ రోజుకు వాళ్ల మధ్య కుదిరిన మొదటి ఏకాభిప్రాయం అది. దీంతోపాటు ఏ వైనూ రుచి చూడలేం కదా అని లంబెర్తో నెమ్మదిగా అన్నాడు.

"చూడమని ఎవరన్నారు?" అన్నాడు సెకొందో, ఆయన గ్లాసు నింపుతూ. "తాగండి."

ఆ రోజు ఏది తేర్చారో అదే కూజాల్లో బల్ల మీదికి రావడం ఆ ఇంటి పద్ధతి. కోకిల మిట్ట వైను మట్టి కూజాలో వచ్చింది. సీసా లేదు, లేబులు లేదు, పొడుగు కాడ గ్లాసులు లేవు. గూని కాడలూ, కాల్చిన మిరపకాయలూ, పచ్చి క్యాబేజీ ఆకులూ, ఉడికిన బంగాళదుంపలూ పళ్లేల్లో కుప్ప పోసి ఉన్నాయి. మొదట పెద్దమనుషులిద్దరూ మునివేళ్లతో ముంచారు. కాసేపటికి చేతులు జిడ్డయ్యాయి. ఇంకాసేపటికి లంబెర్తో మెడగుడ్డ తీసి కుర్చీకి వేశాడు. రెగూలా గడ్డం మీద నూనె కారితే రొట్టెతోనే తుడుచుకుంది. కిటికీ అద్దాలకు ఆవిరి పట్టింది. గదిలో అందరికీ ఒకే వాసన, ఎవరు యజమానో ఎవరు అతిథో తెలియనంతగా.

అప్పుడొక తమాషా జరిగింది. రెగూలా కూజా వైను తాగి మొహం చిట్లించింది. మఖమలు పోయింది, ఈ వెల్లుల్లి దాన్ని నమిలి మింగేసింది, చేదొక్కటే మిగిలింది అని గ్లాసు పక్కన పెట్టింది. లంబెర్తో మాత్రం ఒక గుక్క, ఇంకో గుక్క తాగి, కూజా తన వైపు జరుపుకున్నాడు. చెక్క ఎక్కడికో పోయింది, పులుపు లేచింది, ఇదిగో ఇప్పుడు బర్బేరా అన్నాడు. ఇక చూడాలి. పొద్దున పొగిడిన ఆవిడ ఇప్పుడు తప్పులు పడుతోంది, పొద్దున తప్పులు పట్టిన ఆయన వెనకేసుకొస్తున్నాడు. ఇద్దరూ తాము తిరగబడ్డ సంగతి గమనించకుండానే గొంతులు పెంచారు. ఇవాల్దో ఎటు తల ఊపాలో తెలియక క్యాబేజీ ఆకు తింటూ కూర్చున్నాడు.

చివరికి రెగూలా ముసలాయన వైపు తిరిగింది. ఈ నేల మీద పుట్టినవారు, మీరే తీర్పు చెప్పండి అంది. దెల్ఫీనా రొట్టె బుట్ట పట్టుకుని గుమ్మంలో ఉంది. అక్కడే ఆగిపోయింది.

సెకొందో ముందు రొట్టె ముక్కతో పళ్లెం తుడిచాడు. తర్వాత గ్లాసులో మిగిలింది తాగాడు.

"నాకు నచ్చదు," అన్నాడు.

లంబెర్తో పొద్దుటి మనిషి అయిపోయి వెనక్కి వాలాడు. రెగూలా ఊరుకోలేదు. నచ్చనిదాన్ని ఇంతసేపటి నుంచీ గ్లాసు మీద గ్లాసు ఎందుకు తాగుతున్నారని అడిగింది.

"నచ్చిన వైనయితే ఎవడైనా తాగుతాడమ్మా. ఇది మా అమ్మాయి చేసింది."

డాక్టర్ స్కరోనే కదా చేసింది అన్నాడు లంబెర్తో, గుమ్మం వైపు చూస్తూ. అప్పుడే ఆయన దెల్ఫీనాను నిజంగా చూశాడు.

"ఆయన వస్తాడు, కారు నా కూరమడిలో పెడతాడు, పోతాడు. మంచివాడే పాపం. వైను మాత్రం మా దెల్ఫీనాది. ఇది మొదలుపెట్టిన ఏటి నుంచీ ఈ రోజున ఇక్కడే కూర్చుని తాగుతున్నాను, ఈ ఏడైనా నచ్చుతుందేమోనని. ఏ ఏడూ నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో చెప్పడం నాకు రాదు, అందుకే చెప్పలేదు. వచ్చే ఏడు మళ్లీ తాగుతా."

అని, ఆయన గూని కాడ ఒకటి అందుకుని నూనెలో ముంచాడు. ఆయనకు ఆ మాట అయిపోయింది.

దెల్ఫీనాకు కాదు. ఏటేటా ఈ రోజున వంటింటికీ బల్లకూ మధ్య తిరుగుతూ, నాన్న తాగేది ఆయన సొంత వైను కూజాలోదేనని ఆమె అనుకునేది. నచ్చకపోతే వద్దన్నట్టేనని కూడా అనుకునేది. నచ్చకపోవడమూ వద్దనడమూ వేరువేరు సంగతులని ఇంత వయసొచ్చాక, వెల్లుల్లి వాసన మధ్య, ఇప్పుడు తెలిసింది. తన వైను నచ్చని మనిషి ఒకడు దాన్ని మానేయమనకుండా, మార్చమనకుండా, ప్రతి ఏడూ కూర్చుని ఓపిగ్గా తాగుతున్నాడు. పొగడ్త ఆమెకు ఎప్పుడూ ఇంత సంతోషం ఇవ్వలేదు. కళ్లు నిండితే వెల్లుల్లి ఘాటని అందరూ అనుకుని ఉంటారు. రొట్టె బుట్ట బల్ల మీద పెట్టి, తనూ కూర్చుని, కడుపు నిండా తింది.

తొట్టిలో వైను ఎక్కువసేపు ఉండకూడదు. మిగతావాళ్లు కాఫీలు తాగుతుండగా ఆమె కిందికి దిగింది. నేలమాళిగలో పీపాల శుద్ధికి కాల్చిన గంధకం వత్తి వాసన, తడి చెక్క వాసన. కడిగి బోర్లించిన చిన్న పీపాలు ఒక పక్క. నాన్న పెద్ద పీపా ఇంకో పక్క, సగం ఖాళీగా, నోరు తెరుచుకుని. అలవాటుకొద్దీ తొట్టిలోంచి గ్లాసుతో ముంచి తాగింది. వెల్లుల్లి తప్ప ఏమీ తగల్లేదు. చెక్క లేదు, మఖమలు లేదు, లంబెర్తో లేడు, రెగూలా లేదు. నోట్లోంచి ఇద్దరూ ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు.

ఆమె తొట్టి అంచున కూర్చుంది. కొవ్వొత్తి వెలుగులో వైను పైభాగం నల్లగా, మెల్లగా కదులుతోంది. ఏడాదిగా వారం వారం చెవి ఆనించి విన్న వైను. దాని నిద్ర ఇంకా తీరలేదని ఆమెకు తెలుస్తూనే ఉంది. అది తెలియడానికి నాలుక అక్కర్లేకపోయింది. వచ్చే ఏడు కూడా నాన్నకు నచ్చదేమో. తురిన్‌కు నచ్చదేమో, జ్యూరిక్‌కు నచ్చదేమో. తనకు ఇలాగే చేయాలని ఉంది. అంతకంటే కారణం వెతికితే దొరకలేదు, వెతకాలనీ అనిపించలేదు. లేచి, మొదటి చిన్న పీపాను తిప్పి, నోటిలో గరాటు పెట్టింది.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. విమర్శకులిద్దరూ కోట్లు తొడుక్కుని, మొహాలు ఎర్రబడి, సెలవు తీసుకోవడానికి వచ్చారు. వెనక ఇవాల్దో. రెగూలా పొద్దున గ్లాసు చేతికిచ్చినందుకు నొచ్చుకుంది, మీరెవరో అడగాలని కూడా తట్టలేదంది. లంబెర్తో ఇంకో వ్యాసం రాస్తానన్నాడు. అయితే ముందే చెబుతున్నాను, కూజా సంగతి కూజాదే, సీసాలో మాత్రం మీ చెక్క నాకు ఇంకా ఎక్కువగానే ఉంది, బాగుందని రాయలేను అన్నాడు, కాస్త ఇబ్బందిగా. నేను బాగుందనే రాస్తాను, ఈ వెల్లుల్లి వదిలాక అంది రెగూలా. ఇద్దరూ మళ్లీ ఆట మొదలుపెట్టేలా ఉన్నారు.

"మీకు ఎలా అనిపిస్తే అలా రాయండి," అంది దెల్ఫీనా. "నన్నే అనండి, అంతే. డాక్టరును అనొద్దు."

"నేను తిట్టే రాస్తాను మరి," అన్నాడు లంబెర్తో.

"సరే. దెల్ఫీనా బార్దోనే వైను బాగాలేదని రాయండి."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె నోరు తీపెక్కింది. తన పేరూ తన వైనూ ఒకే వాక్యంలో పక్కపక్కన పెట్టి తన నోటితోనే అనడం అదే మొదటిసారి. లంబెర్తో పేరులో అక్షరాలు ఒకటికి రెండుసార్లు అడిగి తెలుసుకుని, తల వంచుకుంటూ మెట్లెక్కాడు. ఆయన వెనకే రెగూలా వెళ్లింది. ఇవాల్దో పెద్ద పీపా వైపు చూసి, చిన్న పీపా నోట్లోని గరాటు వైపు చూసి, ఈసారికి ఏమీ అడగకుండా కోటు విప్పి పంపు దగ్గర నిలబడ్డాడు. దెల్ఫీనా గొట్టం కొస అందుకుని, పంపు నడపమంది. వైను చిన్నగా చప్పుడు చేస్తూ చెక్కలోకి దిగడం మొదలుపెట్టింది.